వెల చెల్లించువారెవరు?

1921వ సంవత్సరము ఏప్రిల్ మాసాంతమున, మండువేసవిలో, నాటి గుంటూరు మండలమునందలి చీరాల, పేరాల యను జంట గ్రామముల ప్రజలు తమ యిండ్లకు తామే తాళములు వేసికొని, వంటపాత్రలను, ధాన్యపు బస్తాలను, పసిపిల్లలను, నడువలేని వృద్ధులను బండ్లపై కెక్కించుకొని, గొడ్లను ముందు తోలుకొని, ఊరి పొలిమేర దాటి వెలుపల పాకలు వేసికొని కాపురములకు దిగిరి. వారిని తరిమినవారు లేరు. వరద రాలేదు, మహమ్మారి సోకలేదు. ఇంచుమించు 15,000 జనాభాలో సుమారు 13,000 మంది, తాము అన్యాయమని నమ్మినదానికి తల యొగ్గజాలక, తమ కష్టమును తామే యెంచుకొని నడచిపోయిరి. ఆ క్రొత్త నివాసమునకు రామనగరమని పేరిడి, ఎండలోను వానలోను 11 మాసములు అందే కాలము గడపిరి. సిద్ధాంతము కొరకు కష్టమునకు సిద్ధపడువాడు ముందుగా తెలిసికొనదగిన సంగతులు పెక్కు ఆ 11 మాసములలో నున్నవి గనుక, ఈ యధ్యాయమును వారి కథతోనే నడపెదను.

కారణము వినుటకు చిన్నదిగానే యుండును. అంతవరకు ఒక యూనియనుగానున్న ఆ రెండు గ్రామములను మద్రాసు ప్రభుత్వము మునిసిపాలిటీగా మార్చినది. మగ్గముపైనను, కూలిపైనను, చిల్లర వ్యాపారముపైనను బ్రతుకువారే హెచ్చుగాగల ఆ యూళ్లలో పన్నుభారము ఒక్కసారిగా పలురెట్లు పెరిగినది. మాకీ హోదా వలదు, మేమింత పన్ను మోయజాలము అని ప్రజలు మొరపెట్టుకొనిరి, అర్జీలు పంపుకొనిరి, ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వము పట్టు విడువక, జీతముపై నొక అధ్యక్షుని నియమించి పాలన సాగించినది. పన్ను చెల్లింపమన్నవారిలో కొందరు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను. ఈ వరుసను పాఠకులు గమనింపవలెను. మొదట విన్నపము, పిదప వ్రాతమూలకమైన అర్జీ, ఆ పిదప పదవీత్యాగము, అటు తరువాతనే శిక్షానుభవము. మెట్టు మెట్టుగా ఎక్కినవారే గాని, ఒక ఉదయమున ఆవేశము వచ్చి ఇల్లు విడిచినవారు కారు. ఎదుటివానికి దిద్దుకొను అవకాశమును పలుమారులు ఇచ్చినవాడు తరువాత తాననుభవించు కష్టమును గూర్చి తన మనస్సునకు జవాబు చెప్పుకొనగలడు. ఈయనివానిని మాత్రము, నడిరాత్రి మెలకువ వచ్చినపుడెల్ల, మరియొక మాట అడిగి చూచియుండవలసినదేమో యను శంక పీడించును.

వారికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదువుకొని వచ్చినవాడు. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లమున కనువదించి 1917లో ప్రకటించినవాడు. సంగీత సాహిత్యములందు రుచిగలవాడు, మాట చమత్కారమునకు పేరుపడినవాడు. ఏ కళాశాలలోనో ఆచార్యపదవియందుండి సుఖముగా జీవింపదగిన విద్య ఆయనకు కలదు. అట్టివాడు చీరాల వీథులలో సుమారు వేయిమంది యువకులను రామదండు అను పేర సమకూర్చి, వారికి క్రమశిక్షణ నేర్పి, పన్నుల తగవులో చిక్కుకొన్న ప్రజల పక్షమున నిలిచెను.

ఆ యేడు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. అది ముగిసిన కొలది దినములకే గాంధీజీ చీరాల వచ్చెను. ప్రజలు తమ గోడు చెప్పుకొనిరి. ఆయన రెండు త్రోవలు చూపెను. పన్ను కట్టక, అందుకు వచ్చు శిక్షను శాంతముగా అనుభవించుట యొకటి. మునిసిపాలిటీ హద్దులు దాటి వెడలిపోవుట రెండవది. ప్రజలే లేని చోట పురపాలక సంఘము నిలువజాలదు గదా! అయితే ఏ త్రోవ పట్టినను దాని బాధ్యత మీదియే గాని కాంగ్రెసుది కాదనియు, వెలుపలి సహాయమును నమ్ముకొని దిగవలదనియు ఆయన స్పష్టముగా హెచ్చరించెను.

ఆ హెచ్చరికయే ఆయన ఆ ప్రజలకు చేసిన మహోపకారమని నా నమ్మకము. మీకేమియు భయము లేదు, దేశమంతయు మీ వెనుక నున్నది, నెల తిరుగకముందే జయము మీది అని చెప్పియున్నచో వారు మరింత ఉత్సాహముతో బయలుదేరియుందురు. మొదటి గాలివానకే తిరిగి వచ్చియుందురు. వెల ఇంత, దానిని చెల్లింపవలసినవారు మీరు, మరెవ్వరును పంచుకొనరు అని ముందే విన్నవారు గనుకనే 11 మాసములు నిలువగలిగిరి. కష్టములో చెదరని ముఖము కలిగియుండుట పుట్టుకతో వచ్చిన ధీరస్వభావమని సామాన్యముగా మనము తలంతుము. నా యెరుకలో అది హెచ్చుభాగము ముందుగా చూచుకొన్న లెక్కకు ఫలము. రేపు ఎంత బాకీ కట్టవలెనో తెలిసి నిద్రించిన వానికిని, తెలియక తలుపు తట్టిన సవ్వడికెల్ల ఉలికిపడువానికిని గల భేదమే ప్రసన్నునికిని ఖిన్నునికిని గల భేదము.

ఆ వెల యెట్టిదో కొంచెము దగ్గరగా చూడవలెను. దూరమునుండి చూచినపుడు త్యాగము ఎల్లప్పుడును సుందరముగానే యుండును. చీరాల నేతగాండ్ర యూరు. గుంటమగ్గము పెట్టెలో సర్దుకొని పోవు వస్తువు కాదు. నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లు దించి కూర్చుండుటకు వీలుగా అంచులు గట్టిపరచి, నాలుగు మూలల గుంజలు పాతి, అచ్చును, పన్నెను, తొక్కుడు కర్రలను ఒకదానితో నొకటి పొందుపరచినగాని నాడె సరిగా పరుగెత్తదు. పడుగును వేకువనే వీథిలో బారుగా సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదురకముందే ఆరబెట్టుకొనవలెను. దానికి చదునైన పొడుగాటి వీథి కావలెను, ఇరువైపుల పట్టుకొన మనుష్యులు కావలెను. సగము నేసిన బట్టతోనున్న మగ్గమును విప్పుట యనగా చేతి కందవలసిన కూలిని విడుచుకొనుట. పాకలో గుంటలోనికి వాననీరు దిగిన దినమున పని లేదు. పని లేని దినమున గింజలు లేవు. తడిసిన నూలు బూజు పట్టును. వానకాలమున మంచము క్రింద నీరు ప్రవహించుచుండగా చంటిబిడ్డకు పాలు కాచుట యెట్లో, దీపము గాలికి నిలువని రాత్రి పురిటిమంచమునొద్ద మంత్రసాని పడు పాట్లెట్టివో, ఇట్టివి ఉద్యమచరిత్రలలో వ్రాయబడవు. సిద్ధాంతమునకు చెల్లించు వెల యనగా ఇదియే. పెద్ద మొత్తముగా ఒక్కసారి చెల్లించి తీర్చుకొనునది కాక, దినదినమును చిల్లరగా చెల్లింపవలసినది గనుకనే అది అంత కఠినము. ఉరికంబ మెక్కుట కొక్క ఘడియ ధైర్యము చాలును. తడిసిన పాకలో మూడువందల ఉదయములు లేచి నిప్పు రాజేయుటకు మరియొక జాతి ధైర్యము కావలెను.

ఇక మన జీవితములకు వచ్చెదము. మన కెవ్వరికిని ఊరు విడిచి పోవు సందర్భము రాకపోవచ్చును. కాని ఏదో యొక దినమున ఏదో యొక కాగితము మన ముందుకు వచ్చును. ఒక ఓవర్సీరున్నాడనుకొందము. కాలువపై వంతెన పని సగమే జరిగినది; పూర్తియైనదని కొలతల పుస్తకములో వ్రాసి సంతకము పెట్టుమని పైనుండి వచ్చిన మాట; కంట్రాక్టరు గుమ్మములో నిలిచియున్నాడు. ఈ మనుష్యుడు సంతకము పెట్టనని నిశ్చయించుకొనినచో అతడు మొదట చేయవలసిన పని కోపముతో కలము విసరుట కాదు, ఉపన్యాసమిచ్చుట అంతకంటె కాదు. ఒక దినము గడువడిగి, ఇంటికి వచ్చి, ఒక కాగితము తీసికొని, రాగల నష్టములను ఒకటొకటిగా వ్రాయవలెను. బదిలీ యగునా? ఎంత దూరము? పిల్లల చదువు నడిసంవత్సరమున ఆగునా? తల్లి మందులకు నెలకెంత? పదోన్నతి ఎన్నియేండ్లు వెనుకబడును? నేడు కలిసి కాఫీ త్రాగు మిత్రులలో రేపు పలుకరింపనివారెందరు? అన్నిటికంటె చెడ్డది యేమి జరుగును, అది జరిగిన పిదప ఎట్లు బ్రతుకుదును? ఇది పిరికితనము కాదా యని శంకింపవలదు. వ్రాసి చూచుకొనిన నష్టము వ్రాయని నష్టముకంటె ఎల్లప్పుడును చిన్నదే. ఊహలో సర్వనాశనముగా తోచినది కాగితముపై రెండేండ్ల ఇక్కట్టుగా తేలుట పలువురికి అనుభవము. ఒకవేళ నిజముగానే మోయరాని బరువుగా తేలినచో అది ముందు తెలియుటయే మేలు. అప్పుడు ఆ బరువును మోయుటకు వలసిన బలమును సంపాదించుకొనుటయో, సాయము వెదకుటయో చేయవచ్చును.

అట్టి బలములో డబ్బు కూడ నొక భాగమని చెప్పుటకు నేను సంకోచింపను. నీతిమంతునిగా జీవింపగోరువాడు కొలదిగా ఖర్చుపెట్టి జీవించుట నేర్చుకొనవలెను. ఆరుమాసముల కుటుంబ వ్యయము చేతనున్నవాని అంతరాత్మ అప్పులలో మునిగినవాని అంతరాత్మకంటె స్వేచ్ఛగా పలుకును. విలాసములకు అలవాటుపడి, వాయిదాలకు జీతమంతయు ధారపోసి, ఆపై సత్యమునకు నిలువవలెనన్న నిలుచుట దుర్లభము. అడిగినవానికి ఇచ్చిన జవాబును వ్రాతలో నుంచుట, వచ్చిన ఉత్తరువుల నకళ్లు భద్రపరచుట, నోటిమాటగా చెప్పినదానిని మర్యాదగా తిరిగి వ్రాసి పంపి ధ్రువపరచుకొనుట, ఇవియు ముందుగా చేసికొనవలసిన పనులే.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. దీనిని గూర్చి మన పుస్తకములు తరచుగా మౌనము వహించును. వెల లెక్కించితివి సరే, దానిని చెల్లించువారెవరు? సంతకము పెట్టనన్న యశస్సు ఓవర్సీరుది. మారుమూల యూరిలో నీటికై మైలు నడుచునది ఆయన భార్య. మిత్రులను విడిచి ఏడ్చునది ఆయన బిడ్డ. తన సిద్ధాంతమునకు ఇతరుల సుఖమును చెల్లుబాటు చేసి, త్యాగి యను పేరు తానొక్కడే పొందువాడు నిస్స్వార్థుడెట్లగును? దేశసేవయందు వీథులలో పూలదండలు వేయించుకొనిన మహాశయుల యిండ్లలో, ఆ దండల వెలను మాటాడకుండ చెల్లించిన ఇల్లాండ్రెందరో కలరు. వారి పేర్లు మన పిల్లలకు తెలియవు. ఇది నన్ను మిక్కిలి బాధించు సంగతి. కావున, లెక్క వ్రాసిన కాగితమును ముందుగా చూపవలసినది ఇంటివారికి. అనుమతి యడుగుటయనగా నిశ్చయించుకొనిన పిదప తెలియజేయుట కాదు. నిశ్చయించుకొనకముందు కూర్చుండబెట్టి, నష్టములను దాచక, ఏది మీరు మోయగలరు, ఏది మోయజాలరు అని యడుగుట. రామనగరము 11 మాసములు నిలిచినదన్నచో ఆ పాకలలో పొయ్యి వెలిగించిన స్త్రీలు ఒప్పుకొనినందుననే నిలిచినదని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఇంటి ఆడవారు వలదని కూర్చుండినచో ఏ నాయకుని వాగ్ధాటియు 13,000 మందిని వానలో ఉంచజాలదు. ఇంటివారు కొంతవరకే మోయగలమన్నచో అంతవరకే దిగవలెను. మిగిలిన భారమును తన స్వంత సుఖములలో తగ్గించుకొని పూరించవలెను. తన కాఫీ, తన ప్రయాణములు, తన వస్త్రములు మొదట తగ్గవలెను. పిల్లల పుస్తకములు చిట్టచివర.

పొట్టి శ్రీరాములు గారి జీవితమును ఈ దృష్టితో చూచినపుడు నాకు మరింత గౌరవము కలుగును. ఆయన భార్యాశిశువులను కోల్పోయిన పిదప రైల్వే యుద్యోగమును విడిచి, గాంధీజీ సేవలో చేరి, తన వెలను తన దేహముతోనే చెల్లించుచు వచ్చెను. 1946లో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కొరకు నిరాహారదీక్ష పూనెను. తరువాతి కాలమున చెప్పులు లేక, గొడుగు లేక, ఎండలో, అస్పృశ్యత తగదని వ్రాసిన అట్టలను మెడకు తగిలించుకొని వీథి వీథి తిరిగెను. చూచి నవ్వినవారున్నారు. ఆయన వారితో జగడమాడిన జాడ లేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు ఆరంభించిన దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణముతో ముగిసినదని అందరు నెరుగుదురు. ఆ 58 దినములకంటె, ఎవరును లెక్కపెట్టని ఆ అట్టల దినములే సామాన్యులమైన మనకు చేరువైన పాఠమని నాకు తోచును. చప్పట్లు లేని చోట, పరిహాసముల నడుమ, ప్రతిదినమును అదే పనికి బయలుదేరుట అభ్యాసముచేత మనకును సాధ్యము.

అభ్యాసమనుటచేత ప్రసన్నతను గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. కష్టములోనున్నవాడు ఎల్లవేళల చిరునవ్వు నవ్వవలెనని నేననను; దుఃఖము వచ్చినపుడు ఆప్తునియొద్ద కన్నీరు విడుచుట మనుష్యధర్మము. నేను చెప్పు ప్రసన్నత మూడు చోట్ల కనబడును. మొదటిది మాటయందు. తన కష్టమును ప్రతివారికిని ఏకరువు పెట్టువాడు, వినువారిని తన వెలలో కొంత చెల్లింపుమని యడుగుచున్నవాడే. ఒక్కరిని, ఇద్దరిని మాత్రము ఎన్నుకొని, వారియొద్ద పూర్తిగా చెప్పుకొని, మిగిలినవారియొద్ద వారి కుశలమునే యడుగవలెను. రెండవది పనియందు. కష్టకాలమున దినచర్య సడలినచో మనస్సు కూడ సడలును. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు మాలపల్లి నవలను చెరసాలలో వ్రాసిరి. కారాగారమును రచనాగృహముగా మార్చుకొనగల ప్రతిభ మనకు లేకపోవచ్చును; కాని బదిలీయైన యూరిలో సాయంకాలము నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పుట, ఉద్యోగము పోయిన దినములలో వేళకు లేచి స్నానముచేసి ఏదో యొక పని పెట్టుకొనుట, ఇంతమాత్రము ఎవరికైనను సాధ్యమే. మూడవది ఎదుటివానియెడల. పైయధికారి దుష్టుడని మనస్సులో నిత్యము జపించువాడు తన కష్టమునకు ద్వేషమను మరియొక కష్టమును చేర్చుకొనుచున్నాడు. ఆ యధికారికిని ఇల్లు, పిల్లలు, భయములు కలవు. అతడు తన వెల చెల్లింపలేకపోయిన బలహీనుడు. ఇట్లు తలచినపుడు అతని ఆజ్ఞను నిరాకరించుచునే అతనికి నమస్కరించుట కష్టము కాదు.

గోపాలకృష్ణయ్యను 1921లో బరంపురమున నిర్బంధించి ఒక సంవత్సరము శిక్ష విధించిరి. రామనగరము నాయకుని కోల్పోయెను. ఆయన చెరసాలనుండి వచ్చిన పిదప గడిపిన జీవితము బీదతనమున, అనారోగ్యమున సాగినది. క్షయవ్యాధిచే 1928 జూన్ 10న మరణించునప్పటికి ఆయన వయస్సు 39. ఆంధ్రరత్నయని జనులు పిలుచుకొనిన ఆ మనుష్యుని హాస్యచతురత కడవరకు తగ్గలేదని ఆయన నెరిగినవారు చెప్పుకొనిరి. ఇల్లు గడువని స్థితిలోను ఆయన సంగీతసాహిత్యములను, పాత తాళపత్రములను, గోష్ఠులను విడువలేదు. త్యాగము చేసిన మనుష్యుడు ముఖము ముడుచుకొని లోకము తనకు ఋణపడియున్నదన్నట్లు తిరుగవలసిన పనిలేదనుటకు ఆయన నాకు నిదర్శనము. అయితే ఆయన కుటుంబము అనుభవించిన దారిద్ర్యమును తలచినపుడు, ముందు నేను చెప్పిన ప్రశ్న మరల లేచి నిలుచును; దానిని దాచి ఆయనను స్తుతించుట నాకిష్టము కాదు. అట్టివారిని ఆదరింపవలసిన సమాజము తన వంతు వెలను చెల్లింపక తప్పించుకొనినది. మీ పొరుగున నొకడు సత్యమునకు నిలిచి నష్టపడుచున్నచో, అతనిని పొగడుటకు ముందు అతని పిల్లల బడిజీతమును గూర్చి విచారింపుడు.

నిస్స్వార్థత యను మాటలో ఒక చిక్కున్నది. ధనము నాశింపనివాడు కీర్తి నాశించును. కీర్తి నాశింపనివాడు కృతజ్ఞత నాశించును. అదియు విడిచినవాడు, కనీసము తాను చేసినది సరియైనదని ఎదుటివారు ఒప్పుకొనవలెనని యాశించును. ఈ చివరి యాశ మిక్కిలి సూక్ష్మమైనది. మంచివారిని చేదువారినిగా మార్చునది ఇదియే. దీనిని కనిపెట్టుట కొక పరీక్ష చెప్పెదను. నా పేరు ఎక్కడను రాకుండ, మరియొకరి పేరు మీదుగా ఇదే న్యాయము జరిగినచో నేను తృప్తిపడుదునా? తృప్తిపడుదునన్నచో అది సిద్ధాంతము. పడజాలనన్నచో అందు కొంత అహంకారము కలిసియున్నది. కలిసినంతమాత్రమున పని మానవలదు గాని, కలిసినదని తెలిసియుండుట మంచిది. పట్టుదలకును మొండితనమునకును భేదము కూడ ఇచ్చటనే తెలియును. ఎదుటివాడు మార్గము మార్చుకొని, మన కోరిక నెరవేరు మరియొక ఉపాయము చూపినపుడు, నా ఉపాయమే కావలెనని కూర్చుండువాడు న్యాయముకంటె తన గెలుపును ప్రేమించుచున్నాడు.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు వేలు గడించు న్యాయవాదవృత్తిని విడిచి, గడించినదానిని స్వరాజ్య పత్రికలో పోసిరి. 1928లో సైమను కమిషను వచ్చినపుడు మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిరి. ఈ రెండవ కథను మనము సభలలో వేయిసార్లు చెప్పుకొందుము. పత్రికకై సొమ్ము వెదకుచు గడచిన యేండ్లను ఎవరును నాటకముగా ఆడరు. మీ కష్టము కూడ హెచ్చుభాగము అట్టిదే యగును. చెప్పుకొనుటకు రసవంతముగా నుండదు. దానికి సిద్ధపడుడు.

చివరగా ఓటమిని గూర్చి. రామనగరము ఓడిపోయినది. నాయకుడు చెరసాలలో నుండెను. చేతిలోని డబ్బు అయిపోయెను. 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణమును నిలిపివేసిరి. జనులు తమ తాళములు తామే తీసికొని పాత యిండ్లలో ప్రవేశించిరి. మునిసిపాలిటీ నిలిచినది, చీరాల నేటికిని మునిసిపాలిటీయే. సిద్ధాంతమునకు నిలిచినవాడు తుదకు గెలుచునని చెప్పు పుస్తకములు పాఠకులకు అపకారము చేయుచున్నవి. గెలుపును నమ్మి దిగినవాడు ఓటమినాడు సిద్ధాంతమునే శపించును. లెక్క వ్రాయు దినముననే చివరి పంక్తిగా ఇదియు వ్రాసికొనవలెను: ఇంత చెల్లించియు ఫలింపకపోవచ్చును.

అంతకంటెను కఠినమైనది మరునాటి ఉదయము. 15,000 మందిలో 13,000 మంది వెళ్లిరన్నచో, సుమారు 2,000 మంది వెళ్లలేదన్నమాట. తిరిగి వచ్చినవారు అదే వీథిలో, అదే బావియొద్ద, వెళ్లనివారి ప్రక్కనే చేద వేయవలసియుండెను. మీ కచేరీలోను అంతే. మీరు పెట్టని సంతకమును మరియొకడు పెట్టియుండును, అతని బల్ల మీ బల్ల ప్రక్కనే యుండును. అతని లెక్క మీకు తెలియదు. అతని యింట మంచముపై తండ్రి యుండవచ్చును, పెండ్లికి ఎదిగిన చెల్లెలుండవచ్చును. లేక కేవలము ఆశయే యుండవచ్చును. మీరు వెల చెల్లించితిరి గనుక అతనిని తూచు అధికారము మీకు వచ్చినదని తలంపవలదు. ఉదయమున కచేరీకి పోయినపుడు, ముందుగా మీరే అతనిని పేరు పెట్టి పలుకరింపుడు. అతని ఫైలులో తప్పు కనబడినచో నలుగురిలో కాక ఒంటరిగా చెప్పుడు. మీ పాత సంగతిని అతడెత్తినగాని మీరెత్తకుడు. ఎత్తినచో, ఆనాడు నాకట్లు తోచినది అని ఒక్క మాట చెప్పి, అతని పిల్లల చదువును గూర్చి యడుగుడు.